ఆ రాళ్లు ఎవరి మీద పడ్డాయి?

అనకాపల్లి దగ్గర శంకరం అనే వూరుంది. ఆ వూరి పక్కనే బొజ్జన్నకొండ, లింగాలమెట్ట అని రెండు గుట్టలున్నాయి. మొన్న ఆడా మగా, పిల్లా జెల్లా కలిసి అక్కడికి వెళ్లొచ్చాం.

శంకరం అంటే శివుడి పేరనుకుంటారు చాలామంది. కాదు. అది సంఘారామం. బౌద్ధ భిక్షువులుండే చోటు. జనం నోట్లో నలిగి శంకరమైంది. లింగాలమెట్ట మీద వరసలు వరసలుగా వున్నవి లింగాలు కావు, కొండరాయిని తొలిచి నిలబెట్టిన స్తూపాలు. బొజ్జన్నకొండలో పదహారు స్తంభాల గుహ, దాని మధ్య రాతిస్తూపం, గోడల మీద బుద్ధుడు. 1907-08లో అలెగ్జాండర్ రీ అనే తెల్లదొర తవ్వించేదాకా ఇక్కడేముందో లోకానికి తెలీదు.

కనుమ నాడు ఇక్కడ తీర్థం. తీర్థానికొచ్చిన జనం బొజ్జలాంటి రాయినొకదాన్ని రాక్షసుడని చెప్పి రాళ్లతో కొట్టేవాళ్లు. చరిత్ర తెలిసినవాళ్లు అడ్డుపడి ఆపించేదాకా ఏళ్ల తరబడి అదే ఆచారం.

ఆ మాట చెప్పుకుంటుంటే మాతో వచ్చిన ముసలాయన మెట్ల మీద కూలబడ్డాడు. "సిన్నప్పుడు మా అయ్య బుజాలెక్కి నేనూ ఇసిరాను బాబూ. ఎవుడి మీద ఇసురుతున్నానో మాకెవుడు సెప్పాడు?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. మన ఓటమంతా అక్కడే వుంది.

ఈ గుహలు మన తాతలే తొలిచారని మేం అనడం లేదు. రుజువు లేని గొప్పలు మనకొద్దు. కానీ ఒకటి నిజం. మంగలి ఉపాలినీ, పాకీపని చేసిన సునీతుణ్నీ పక్కన కూచోబెట్టుకున్న సంఘం అది. గుడి గడప తొక్కనివ్వని దేశంలో అలాంటి తలుపొకటి తెరిచి వుండేది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ఆ తలుపే మళ్లీ తెరిచాడు.

అన్నలారా, అక్కలారా! వచ్చే కనుమకి పిల్లల్ని తీసుకుని బొజ్జన్నకొండకి రండి. స్తూపాలెక్కొద్దు, రాతి మీద పేర్లు చెక్కొద్దు. సంఘారామం శంకరమెట్లా అయిందో పిల్లలకి చెప్పండి. రాయి విసిరిన తాత చేతనే చెప్పించండి. ఆయన చెపితే వాళ్లు మరిచిపోరు.

జై భీమ్!