పడిన డ్రోన్ లెక్క బయటికి రావాలి: తక్కువ ఎత్తు ఆకాశంపై మా ప్రణాళిక

2019 మే నెలలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో, అడవిలో కిండర్‌గార్టెన్ పిల్లలు ఆడుకుంటుండగా, వాళ్లకు కొద్ది దూరంలో ఒక డ్రోన్ కూలింది. ఆస్పత్రుల మధ్య నమూనాలు చేరవేసే తపాలా సేవకు చెందిన డ్రోన్ అది. ఆపదలో విచ్చుకోవాల్సిన పారాచూట్ విచ్చుకుంది. కానీ దాన్ని డ్రోన్‌కు కట్టిన తాడు పదునైన అంచుకు కోసుకుని తెగిపోయింది. అదృష్టం కొద్దీ పిల్లలకు ఏమీ కాలేదు. సర్వీసు ఆపేశారు. ప్రమాదాలను విచారించే స్వతంత్ర సంస్థ లోపం తాడు దగ్గరే ఉందని తేల్చి, ఆ సంగతి ఎవరైనా చదువుకునేలా ప్రకటించింది. తర్వాత తాడును లోహంతో గట్టిపరిచారు. కింద ఉన్నవాళ్లు తలెత్తి చూసేలా హెచ్చరిక ఈల మోత పెంచారు.

ఎక్కడో జ్యూరిక్‌లో తెగిన తాడు గురించి గుంటూరు మిరప చేలో మందు కొట్టే పైలట్ మాట్లాడగలుగుతున్నాడంటే, ఆ నివేదికను దాచకుండా బయటపెట్టినందువల్లే. ఈ ప్రణాళికకు మూలం అదే.

మేం తెలుగు నేల మీద డ్రోన్లు ఎగరేసేవాళ్లం. వరికి, మిరపకు మందు కొట్టేవాళ్లం, పెళ్లిళ్లు తీసేవాళ్లం, భూముల సర్వే చేసేవాళ్లం, శిక్షణ ఇచ్చేవాళ్లం, మోటార్లూ బ్యాటరీలూ బాగుచేసేవాళ్లం. అమెరికాలో, గల్ఫ్‌లో ఇదే పనిలో ఉన్న మనవాళ్లు కొందరు మాతో ఉన్నారు. డ్రోన్ చప్పుడు తప్ప డ్రోన్‌తో ఏ సంబంధమూ లేని ఊరివాళ్లు కొందరూ మాతో ఉన్నారు. వాళ్ల మాటకు ఇందులో మా మాటతో సమానమైన విలువ ఉంది.

డ్రోన్లు ఎగరకూడదని మేం అనడం లేదు. రువాండాలో 2016 నుంచి, కొండదారుల్లో గంటలు పట్టే రక్తం సంచులు డ్రోన్ల మీద నిమిషాల్లో ఆస్పత్రులకు చేరుతున్నాయి. 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో మందులు, టీకాలు గాలిలో పంపి చూశారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు, చుట్టూ నీళ్లు చేరి మేడల మీద చిక్కుకున్నవాళ్లకు అన్నం పొట్లాలు, మంచినీళ్ల సీసాలు అందించినవాటిలో డ్రోన్లూ ఉన్నాయి. ఇంకా దూరం ఎగరాలి, ఇంకా ఎక్కువ ఎగరాలి అన్నదే మా కోరిక. ఆ దూరానికి అనుమతి ఏ ప్రాతిపదిక మీద ఇస్తారన్నదే మా ప్రశ్న.

ఎందుకంటే డ్రోన్ ఎంత దూరం ఎగరొచ్చన్న గీత ప్రపంచమంతటా ఇప్పుడు జరుగుతోంది. అమెరికా 2016లో తెచ్చిన పార్ట్ 107 నిబంధనల ప్రకారం పైలట్ కంటికి డ్రోన్ కనిపిస్తూ ఉండాలి, మామూలుగా 400 అడుగులు దాటకూడదు. కంటిచూపు దాటి ఎగరడాన్ని మామూలు పనిగా మార్చే పార్ట్ 108 ప్రతిపాదనను 2025 ఆగస్టులో బయటపెట్టారు. తక్కువ ముప్పున్న చోట్ల అలాంటి ప్రయాణాలకు కెనడా 2025 నవంబర్‌లో దారి తెరిచింది. యూరప్ దేశాలు డ్రోన్ల రద్దీని నడిపించడానికి యూ-స్పేస్ అనే ఏర్పాటుకు 2023 జనవరి నుంచి చట్టబద్ధత ఇచ్చాయి. చైనా డ్రోన్ నిబంధనలు 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. మన డ్రోన్ రూల్స్ 2021 ఆగస్టులో వచ్చాయి, వాటి స్థానంలో కొత్త చట్టం కోసం 2025 సెప్టెంబర్‌లో ముసాయిదా బిల్లు పెట్టారు. పైలట్ లేని విమానం తమ నేల మీద ఎగరాలంటే ప్రత్యేక అనుమతి కావాలని 1944 షికాగో ఒప్పందంలోని 8వ అధికరణంలోనే దేశాలు రాసుకున్నాయి. ఎనభై ఏళ్ల తర్వాత ఆ అనుమతులు ఇప్పుడు వేల సంఖ్యలో ఇవ్వాల్సి వస్తోంది.

మా మొదటి సూత్రం ఇది: పడిన ప్రతి డ్రోన్ గురించి రాయాలి, రాసినది అందరికీ చేరాలి.

మన రూల్స్‌లో మొదటి సగం ఉంది. ప్రమాదం జరిగిన 48 గంటల్లోగా పైలట్ డిజిటల్ స్కై అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలపాలి. రెండో సగం కావాలి. ఆ నివేదికల సారం, పేర్లు తీసేసి, తెలుగులో సహా దేశ భాషల్లో, పైలట్ల చేతికి తిరిగి రావాలి.

చేలో ఏం జరుగుతుందో చెబుతాం. పది లీటర్ల మందు నింపిన డ్రోన్ పాతిక కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. గట్టు మీద పెట్టి దాని చేతులు విప్పి లాకులు బిగిస్తాం, రెక్కలు వేలితో తిప్పి చూస్తాం, శాటిలైట్లు అందాయో లేదో చూస్తాం. ఇంతా చేశాక ముప్పు చేను చివరన, మోటారు షెడ్డుకు వెళ్లే సర్వీసు తీగ రూపంలో ఉంటుంది. సాయంత్రం ఎండ ఎదురు కొట్టే వేళ వేలాడే ఆ సన్నటి తీగ కంటికి ఆనదు, డ్రోన్ సెన్సర్‌కూ చాలాసార్లు అందదు. తగిలి పడిన డ్రోన్‌ను ఆటోలో వేసుకెళ్లి, విరిగిన చేతిని మార్చి, మర్నాడు ఇంకో చేలో ఎగరేయడం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి అది ఎక్కడా నమోదు కాదు. పక్క మండలంలో ఇంకో పైలట్ అలాంటి తీగకే, అదే ఎండలో తగులుకుంటాడు. ఈసారి కింద కూలీలు ఉండొచ్చు.

2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఒర్లాండోలో క్రిస్మస్ డ్రోన్ ప్రదర్శన జరుగుతుండగా కొన్ని డ్రోన్లు దారితప్పి పడ్డాయి, చూడటానికొచ్చిన ఒక బాలుడికి తీవ్ర గాయాలయ్యాయి. పెద్ద విమానాలు కూలినప్పుడు దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ సంస్థే ఆ చిన్న డ్రోన్ల ప్రమాదాన్నీ దర్యాప్తు చేసింది. తన ప్రాథమిక నివేదికను జనం ముందు పెట్టింది. మనిషికి గాయమైన ప్రతి డ్రోన్ ప్రమాదాన్నీ మన దేశంలోనూ అలాగే విచారించాలి. అనుమతులిచ్చే కార్యాలయమూ దర్యాప్తు చేసే కార్యాలయమూ ఒకటి కాకూడదు.

చెప్పినవాడిని శిక్షిస్తే రేపు ఎవరూ చెప్పరు. విమానయానం ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకుంది. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న ఏఎస్‌ఆర్‌ఎస్ అనే ఏర్పాటులో పైలట్లు తమ పొరపాట్లను గుట్టుగా చెప్పుకుంటారు. ఆ చెప్పడం వాళ్లకు రక్షణగా ఉంటుంది, పేర్లు తీసేసిన కథనాలను ఎవరైనా చదవొచ్చు. డ్రోన్ పైలట్లూ అందులో రాయొచ్చు. మన ముసాయిదా బిల్లులో మాత్రం జైలు శిక్షలు చోటు చేసుకున్నాయి. కావాలని చేసిన నేరానికి జైలు ఉండాల్సిందే, దానికి మేం అడ్డు చెప్పం. 48 గంటల్లోగా నిజం రాసిచ్చిన పైలట్ మీద, ఆ కాగితాన్నే సాక్ష్యంగా చూపి కేసు పెట్టకూడదన్న వాక్యం ఆ చట్టంలో ఉండాలి. బిల్లు చట్టం కాకముందే ఈ వాక్యాన్ని సాధించాలన్నది మా మొదటి పని.

కావాలని చేసేవాళ్ల విషయంలో మాకు కనికరం లేదు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్ కార్చిచ్చు మండుతున్నప్పుడు, మంటల్ని చూడటానికి ఒకడు ఎగరేసిన డ్రోన్ నీళ్లు చల్లే విమానం రెక్కకు గుద్దుకుని చిల్లు పెట్టింది. ఊరు తగలబడుతున్న రోజుల్లో ఆ విమానం నేల మీద ఉండిపోయింది. 2018 డిసెంబర్‌లో లండన్ గాట్విక్ విమానాశ్రయం దగ్గర డ్రోన్లు కనిపించాయన్న కబురుతో వెయ్యి దాకా విమానాలు ఆగిపోయాయి, లక్షా నలభై వేల మంది ఇరుక్కుపోయారు. దోషి దొరకనే లేదు.

అందుకే గాలిలో ఉన్న డ్రోన్ తానెవరో చెప్పుకోవాలన్న రిమోట్ ఐడీని మేం సమర్థిస్తున్నాం. అమెరికాలో అది 2024 మార్చి నుంచి గట్టిగా అమలవుతోంది. ఒక్క షరతు. డ్రోన్ నంబరు ఎవరికైనా కనిపించొచ్చు, కానీ పైలట్ పేరు, ఇల్లు అధికారికే కనిపించాలి. స్వయం సహాయక సంఘం నుంచి వచ్చి ఒంటరిగా చేల వెంట తిరిగే డ్రోన్ దీదీ ఎక్కడ నిలబడి ఉందో దారినపోయే ప్రతివాడి ఫోన్‌లో కనపడటం మాకు సమ్మతం కాదు.

బరువొక్కటే చూసి ముప్పును లెక్కకట్టే పద్ధతి మారాలి. మన నిబంధనల్లో 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బ్రిటన్ 2026 జనవరి నుంచి 100 గ్రాములు దాటితే చాలు, ఎగరేసేవాళ్లు పరీక్ష రాసి గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలంటోంది. బరువు గీతను ఎంత కిందికి దించినా, కింద ఎవరున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఖాళీ వరి మడి మీద పాతిక కిలోల డ్రోన్ కన్నా, రథోత్సవంలో జనం తలల మీద తిరిగే అరచేతి డ్రోన్‌కే మేం ఎక్కువ భయపడతాం. యూరప్ నిబంధనలు ఓపెన్ కేటగిరీలో జనసమూహం మీద ఎగరడాన్ని అసలే ఒప్పుకోవు. మాలో పెళ్లిళ్లు, జాతరలు తీసేవాళ్లు ఇకమీదట పక్క నుంచే తీస్తారు, జనం నెత్తి మీదికి వెళ్లరు. గిరాకీ పోతుందని తెలిసే ఈ మాట ఇస్తున్నాం.

మనుషులున్న విమానానికి దారి ఇవ్వాల్సింది డ్రోనే. అమెరికా పార్ట్ 108 ప్రతిపాదనలో, తానెక్కడుందో రేడియోలో చెప్పే ఏడీఎస్-బీ పరికరం లేని విమానం ఎదురైతే చాలా చోట్ల డ్రోన్‌కే ముందు దారి ఇవ్వాలన్నారు. చిన్న విమానాల పైలట్లు దీన్ని వ్యతిరేకించారు. మేం డ్రోన్ పక్షం వాళ్లమై ఉండీ వాళ్లతో ఏకీభవిస్తున్నాం. పరికరం కొనలేని విమానంలోనూ మనిషే కూర్చుని ఉంటాడు.

ఇక మనుషుల్ని ఎక్కించుకునే ఎయిర్ టాక్సీలు. జనావాసాల మీద ఎగిరే ఇలాంటి విమానంలో ప్రాణాంతకమైన వైఫల్యం వంద కోట్ల ఫ్లైట్ గంటలకు ఒకసారి కన్నా అరుదుగా ఉండాలని యూరప్ విమాన భద్రతా సంస్థ 2019లో ప్రమాణం పెట్టింది. పెద్ద విమానాలకున్న ప్రమాణమే అది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జనాన్ని ఎక్కించాలని జర్మనీకి చెందిన వోలోకాప్టర్ ముహూర్తం పెట్టుకుంది. సర్టిఫికెట్ రాలేదు, ఎవరినీ ఎక్కించలేదు, ఆ ఏడాది చివర్లో కంపెనీ దివాలా దాకా వెళ్లింది. కంపెనీలో ఉద్యోగాలు పోయినవాళ్ల బాధ మాకు తెలుసు. అయినా ముహూర్తం కోసం పరీక్షను కుదించని ఆ అధికారులను గౌరవిస్తున్నాం. చైనాలో పైలట్ లేని ఇద్దరి విమానం ఈహాంగ్ ఈహెచ్216-ఎస్‌కు 2023 అక్టోబర్‌లో టైప్ సర్టిఫికెట్, 2025 మార్చిలో దాన్ని నడిపే సంస్థలకు అనుమతి వచ్చాయి. మన డీజీసీఏ 2024లో వెర్టిపోర్టుల మార్గదర్శకాలు ఇచ్చింది, అంటే ఆ విమానాలు ఇక్కడికీ వస్తాయి. ఏ దేశపు సర్టిఫికెట్‌తో వచ్చినా, దాని వెనకున్న పరీక్షల్లో ఏవి విఫలమయ్యాయో, విఫలమైనప్పుడు ఏం మార్చారో చూపించాకే హైదరాబాద్ మీదైనా విశాఖ మీదైనా ఎగరనివ్వాలి.

కిందనున్నవాళ్లకు నష్టపరిహారం మాటల్లో మిగలకూడదు. నానో మినహా డ్రోన్లకు థర్డ్ పార్టీ బీమా మోటారు వాహనాల చట్టం పద్ధతిలోనే ఉండాలని మన రూల్స్ చెబుతున్నాయి. బీమా కాగితం చూపకుండా మాలో ఎవరూ చేలోకి దిగరు, చూపమని అడిగే హక్కు రైతుకూ కూలీకీ ఉంది.

ఈ ఖరీఫ్ నుంచి మా వంతు పని మొదలుపెడుతున్నాం. మాలో ఎవరి డ్రోన్ పడినా, గీసుకున్నా, చెప్పిన చోట దిగకపోయినా 48 గంటల్లోగా రాస్తాం: తేదీ, వేళ, పంట, ఎత్తు, గాలి, బ్యాటరీ ఎన్నిసార్లు ఛార్జ్ అయింది, తీగలు ఎటు వైపు ఉన్నాయి, కింద ఎవరున్నారు. ప్రమాదమైతే ఒక ప్రతి డీజీసీఏకు, ప్రతిసారీ పేరు లేని ప్రతి ఒకటి మా అందరికీ. డ్రోన్ దీదీలకిచ్చే 15 రోజుల శిక్షణలో ఒక పూట ఈ కాగితాలు చదవడానికే కేటాయించమని అడుగుతాం. ఈలోగా మా దగ్గరికొచ్చే కొత్త పైలట్ల చేత మేమే చదివిస్తాం. రాయడం ఇబ్బందైనవాళ్లు ఫోన్‌లో చెబితే రాసిపెట్టే బాధ్యత మాలోని శిక్షకులది.