బాగోదు అన్నది నేనే

2018 ఉగాదికి ముందు మా ఊరి తెలుగు సంఘం కమిటీ కూర్చున్న రోజు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. హాలు అద్దె, పులిహోరకు బియ్యం ఎన్ని కిలోలు, పిల్లల కూచిపూడి ఎన్ని నిమిషాలు, పంచాంగ శ్రవణం భోజనాలకు ముందా తరవాతా అన్నవన్నీ తేల్చుకున్నాక ఆరోగ్యం మీద అరగంట ప్రసంగం దగ్గరికి వచ్చాం. అది ప్రతి ఏడూ ఉండేదే. ఒకసారి షుగరు, ఒకసారి గుండె. ఆ ఏడు కమిటీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, "ఈసారి మెనోపాజ్ గురించి పెడదామా ఆంటీ?" అని అడిగింది. గదిలో ఆ అమ్మాయి కాక నలుగురం ఆడవాళ్ళం ఉన్నాం, నలుగురికీ నలభై దాటాయి. ఎవరమూ తలెత్తలేదు. "పిల్లలుంటారు, మగవాళ్ళుంటారు కదమ్మా, బాగోదు" అన్నది నేనే.

నేను జీపీని. ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదివి 2001లో ఇంగ్లండ్ వచ్చాను. ఆ మాట అనేనాటికి నాకు నలభై తొమ్మిది. కన్సల్టింగ్ గదిలో బల్ల మీద చిన్న ఫ్యాను పెట్టుకుని, హీటింగ్ ఎక్కువగా ఉందని అందరికీ చెప్పేదాన్ని. ఆ ఉగాదికి మళ్ళీ షుగరు మీదే మాట్లాడాను.

మరుసటి సంక్రాంతికి ఒకరింట్లో బొమ్మల కొలువు పేరంటం. వంటింట్లో ప్లేట్లు సర్దుతుంటే ఒకామె వచ్చి నా పక్కన నిలబడింది. నలభై మూడేళ్ళు, సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇద్దరు పిల్లలు. "అక్కా, ఇరవై రోజులకే వచ్చేస్తోంది, వస్తే పది రోజులు ఆగట్లేదు. రాత్రుళ్ళు ఒంట్లోంచి ఆవిర్లొచ్చి నైటీ తడిసిపోతోంది. పొద్దున కాల్‌లో మాట్లాడుతుంటే నోటిదాకా వచ్చిన మాట గుర్తుకు రావట్లేదు. ఊరికే ఏడుపొస్తోంది" అంది. హాల్లో మగవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించి చెప్పింది. ఏ స్త్రీ అయినా ఇంతకంటే స్పష్టంగా ఏం చెప్పగలదు? మా పుస్తకాల్లో ఉన్న లక్షణాలను వరసగా అప్పజెప్పినట్టే ఉంది. నేను మాత్రం, "వయసు కదమ్మా, మామూలే. ఐరన్ వేసుకో, ఒకసారి థైరాయిడ్ చూపించుకో" అని చెప్పి, తాంబూలం అందుకుని ఇంటికి వెళ్ళిపోయాను. రెండు వారాలకు "రిపోర్ట్ నార్మల్ అక్కా" అని మెసేజ్ పెట్టింది. సంతోషం అని జవాబిచ్చాను.

రిపోర్ట్ నార్మల్. మన వాళ్ళను ఇంతగా మోసం చేసిన మాట మరొకటి లేదు. ముట్లు పూర్తిగా ఆగడానికి కొన్నేళ్ళ ముందు నుంచే అండాశయాలు తడబడతాయి. ఈస్ట్రోజెన్ ఒక నెల పొంగుతుంది, మరో నెల పడిపోతుంది. పెరిమెనోపాజ్ అంటే ఆ తడబాటు కాలమే. ముట్లు వస్తూనే ఉంటాయి కాబట్టి "ఇంకా వస్తోందిగా, అప్పుడే ఎందుకవుతుంది" అనుకుంటాం. హార్మోను పరీక్ష చేయిస్తే ఆ రోజు ఎంత ఉందో చెబుతుందే తప్ప ఆ ఎత్తుపల్లాలను చూపదు. అందుకే 2015 నవంబరులో ఇక్కడి డాక్టర్లకు వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ తన మార్గదర్శకాల్లో, నలభై అయిదు దాటిన స్త్రీకి లక్షణాలను బట్టే నిర్ధారించండి, రక్తపరీక్ష అక్కర్లేదు అని చెప్పింది. నలభై, నలభై అయిదు మధ్య ఉన్నా ఈ సంగతి మనసులో పెట్టుకోవాల్సిందే. బ్రిటన్‌లో ముట్లుడిగే సగటు వయసు 51. భారతదేశంలో నాలుగైదేళ్ళు ముందే వస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. పేరంటంలో ఒక చెల్లెలు నా ముందు నిలబడి చెబుతుంటే మాత్రం తెలిసినదాన్ని తెలిసినట్టు వాడలేదు. నాకే జరుగుతున్నదాన్ని నేనే ఒప్పుకోని రోజులవి. ఆమెకు పేరు పెట్టి చెబితే నాకూ చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆ జులైలో పిల్లల సెలవులకు ఆమె ఊరెళ్ళింది. అక్కడ స్కాన్ తీశారు, చిన్న ఫైబ్రాయిడ్ ఉందన్నారు, ఇద్దరు పిల్లలున్నారుగా, గర్భసంచి తీయించేసుకుంటే పీడ పోతుందన్నారు. తీశారు. సెప్టెంబరులో ఆమె తిరిగొచ్చాక పప్పు, చారు డబ్బాలతో మేమంతా చూడటానికి వెళ్ళాం. "పోనీలే, ఇక ఆ బాధ లేదు" అన్నాం. మాలో ఇద్దరం డాక్టర్లం. అండాశయాలు ఉంచారా, తీసేశారా అని ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. తీసేశారు.

నలభై మూడేళ్ళకు రెండు అండాశయాలూ పోతే, మామూలుగా కొన్నేళ్ళలో జరిగేది ఒక్క రాత్రిలో జరుగుతుంది. ఆవిర్లు, నిద్రలేమి సంగతి అటుంచండి, ఎముకలకూ గుండెకూ ఉండాల్సిన కాపు ముందే పోతుంది. హార్మోను తీసుకోకూడని కారణం ఏదీ లేకపోతే, అలాంటి స్త్రీకి కనీసం సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా దాన్ని భర్తీ చేయాలి. అది ఐచ్ఛికమైన సౌకర్యం కాదు, వైద్యం. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే మొదట నేను.

అసలు ఆమె సమస్యకు ఆపరేషన్ అవసరమే లేకపోవచ్చు. ఎక్కువ రక్తస్రావానికి ఇక్కడ తరచుగా ముందు చూపే దారి గర్భసంచిలో అమర్చే హార్మోన్ కాయిల్. పదిహేను నిమిషాల పని. అయినా మన వాళ్ళు విమానమెక్కి వెళ్ళి గర్భసంచి తీయించుకొస్తున్నారు. వీసా మీదున్న పెద్దవాళ్ళలో చాలామంది ఇక్కడి వైద్యం కోసం ఒక్కొక్కరూ ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కడుతున్నారు. కట్టిన ఆ సేవను వాడుకోలేక, వాడుకోవడానికి మాట దొరక్క, కత్తి దగ్గరికి వెళ్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మంది పైనే. ఆ అలవాటును మనం సామానుతో పాటు మోసుకొచ్చాం. డాక్టర్లమైన మేము దాన్ని చూసి కూడా "అది ఇండియా సంగతి" అని పక్కన పెట్టాం.

ఆడపిల్ల పెద్దమనిషైతే ఓణీల ఫంక్షన్ చేస్తాం. స్లౌలోనో హారోలోనో హాలు తీసుకుని, మూడొందల మందిని పిలిచి, పల్లకీలో ఊరేగించి, వీడియో తీసి బంధువులందరికీ పంపుతాం. ఆ ఫంక్షన్లకు నేనూ వెళ్ళాను, అక్షింతలు వేశాను. ముట్లు మొదలైన రోజును ఊరంతటికీ చాటే మనకు, అవి ఉడిగే కాలాన్ని గురించి తల్లితో, అక్కతో చెప్పుకునేందుకు ఒక్క మంచి మాట లేదు. మా అమ్మ తరానికి అది మడి లెక్క: ఇక పూజగదికి అడ్డు లేదు, నోములకు అడ్డు లేదు, పీడ వదిలింది. మా అమ్మ యాభై ఏట అర్ధరాత్రి లేచి పెరట్లో బావి గట్టు మీద కూర్చునేది. గాలి కోసమని అనుకునేవాళ్ళం. డాక్టరు చదువుతున్న కూతుర్ని ఇంట్లో పెట్టుకుని కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ కూతురూ అడగలేదు.

మాట లేకపోవడం చిన్న విషయం కాదు. ఆవిర్లు, సలపరం, కాళ్ళ పీకులు, గుండె దడ, చిరాకు అని తెలుగులో అన్ని తీర్లుగా చెప్పగల మనిషి జీపీ క్లినిక్‌లో పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో కూర్చుని "బాడీ పెయిన్స్" అంటుంది. పారాసెటమాల్ తీసుకుని వస్తుంది. భర్తో కూతురో పక్కన కూర్చుని తర్జుమా చేస్తే, యోని పొడిబారిందని, కలయిక నొప్పిగా ఉందని, మూత్రంలో మంట మళ్ళీ మళ్ళీ వస్తోందని ఏ నోటితో చెబుతుంది? ఆ పొడిబారడానికి యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ మాత్రల్లో ఒక రకం 2022 సెప్టెంబరు నుంచి ఇక్కడి మందుల షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండా, ఫార్మసిస్టుతో మాట్లాడి కొనుక్కోవచ్చు. యాభై దాటి, ముట్లు ఆగి ఏడాదైనవాళ్ళకు ఇస్తారు. మా వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ళ అద్దెలు, డ్రైవింగ్ టెస్టు తేదీలు, గోంగూర ఏ షాపుకు వచ్చిందీ క్షణాల్లో తెలుస్తాయి. ఈ కబురు మాత్రం నేను ఒక్కసారి కూడా పెట్టలేదు. హైదరాబాదులో స్త్రీలు కలిసి కూర్చుని 'సవాలక్ష సందేహాలు' అని తమ ఒంటి గురించి తెలుగులో పుస్తకమే రాసుకుని ముప్పై ఏళ్ళు దాటింది. ఇక్కడ ఇంతమంది తెలుగు డాక్టర్లం, నర్సులం, ఫార్మసిస్టులం ఉండి మా సంఘం తరఫున ఒక్క పేజీ కరపత్రం వేయలేదు.

డాక్టర్లకు మరో తప్పుంది, దాన్నీ దాచను. 2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం ఫలితాలు వచ్చి హెచ్‌ఆర్‌టీ (తగ్గిన హార్మోన్లను భర్తీ చేసే వైద్యం) అంటే రొమ్ము క్యాన్సరని ప్రపంచమంతా హడలిపోయినప్పుడు నేను ఇక్కడ శిక్షణలో ఉన్నాను. ఆ భయంతోనే వైద్యం నేర్చుకున్నాం. ఆ అధ్యయనంలో స్త్రీల సగటు వయసు 63 అని, అరవై లోపు మొదలుపెట్టే స్త్రీ లెక్క వేరని, చర్మం మీద అంటించే ప్యాచ్‌తో, పూసే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు పెరగదని తరవాత తేలింది. ప్రమాదం బొత్తిగా లేదని అనను. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళ విషయం వేరు, ప్రతి ఒక్కరితో లాభనష్టాలు మాట్లాడే ఇవ్వాలి. ఆ మాట్లాడే పనే మేము చేయలేదు. మన ఆడవాళ్ళు "హార్మోన్లా, వద్దు డాక్టరుగారూ" అంటే, "సరే, మంచిదే" అని ఊరుకోవడం మాకు సుఖంగా ఉండేది.

2021 మేలో టీవీ వ్యాఖ్యాత డవీనా మెకాల్ మెనోపాజ్ మీద చేసిన డాక్యుమెంటరీ ఛానల్ ఫోర్‌లో వచ్చింది. మరుసటి ఏడాదికి దేశంలో ఈస్ట్రోజెన్ జెల్ దొరకనంతగా స్త్రీలు అడగడం మొదలుపెట్టారు, ప్రభుత్వం దాని సరఫరా చూడటానికి ప్రత్యేకంగా ఒకరిని నియమించాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో రెండు ప్రిస్క్రిప్షన్ల ఖర్చుతో ఏడాది పొడవునా హెచ్‌ఆర్‌టీ మందులు తీసుకునే ఏర్పాటు వచ్చింది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ప్రిస్క్రిప్షన్లకు అసలు డబ్బే కట్టక్కర్లేదు. ఇంత జరుగుతుంటే ఆ మందు కోసం అడిగేవాళ్ళలో నాకు తెలిసిన తెలుగు స్త్రీ ఒక్కరూ లేరు. ఆఫీసులో తోటివాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటుంటే మన వాళ్ళు కార్డిగన్ విప్పుతూ, తొడుక్కుంటూ మౌనంగా కూర్చున్నారు. "మా ఆవిడకు ఈ మధ్య కోపం ఎక్కువైంది" అని పార్టీల్లో భర్తలు అంటే మేమూ నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు తల దించుకుంటాను.

ఆపరేషన్ అయిన ఆ చెల్లెలికి దారి చెప్పింది మేము కాదు. తన ఆఫీసులో పనిచేసే ఒక పంజాబీ ఆవిడ. 2023లో ఆవిడే కూర్చోబెట్టి తన కథ చెప్పి, లక్షణాలు రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళమని, ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్ళమని చెప్పింది. గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలన్నారు. వారానికి రెండుసార్లు మార్చుకునే ప్యాచ్. నెల తిరక్కముందే రాత్రి నిద్ర పట్టిందని ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది. నిష్ఠూరంగా ఒక్క మాటా అనలేదు. "నాకు తెలీదక్కా, నువ్వూ బిజీగా ఉంటావు కదా" అంది.

వచ్చే ఉగాదికి ఆ అరగంట నేనే అడిగి తీసుకున్నాను. షుగరు మీద కాదు. పిల్లల్ని బయటికి పంపొద్దు, మగవాళ్ళు లేచి వెళ్ళొద్దు. నా ఫ్యాను సంగతి, ఆమె అనుమతితో ఆమె సంగతి, మా అమ్మ బావి గట్టు సంగతి తెలుగులో చెబుతాను. మీ ఇంట్లో, మీ ఆఫీసులో నలభై దాటిన మన ఆడవాళ్ళుంటే అప్పటిదాకా ఆగకండి. నిద్ర పడుతోందా అని ఈ రాత్రే అడగండి.

ఆమెకు ఇప్పుడు నలభై తొమ్మిది. ఆపరేషన్‌కూ మొదటి ప్యాచ్‌కూ మధ్య నాలుగేళ్ళు పోయాయి. అవి మా వల్ల పోయాయి.