ఐదు కిలోల అబద్ధం

మా ఆఫీసు ట్రెకింగ్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక కొత్త కుర్రాడు అడిగాడు: "అన్నా, డిసెంబర్లో ఐదు రోజుల ట్రెక్‌కి వెళ్తున్నా. తేలిగ్గా ఉండి, వీపుకి గాలి ఆడే బ్యాగు ఏదైనా ఉంటే చెప్పండి." అరగంటలో పదిహేడు జవాబులొచ్చాయి. అన్నీ గ్రాముల్లోనే. 1300 గ్రాములదా, ఛీ, 700ది తీసుకో. వెనకాల వల ఉన్నది వద్దు, ఆ వలకో ఫ్రేమ్, ఆ ఫ్రేమ్ బరువంతా దండగ. ఒకాయనైతే సగానికి కోసిన తన టూత్‌బ్రష్ ఫొటో పెట్టాడు. ఏ కొండకి వెళ్తున్నావు, ఎవరితో వెళ్తున్నావు, టెంటు ఎవరు మోస్తారు అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

వెక్కిరించే హక్కు నాకు పెద్దగా లేదు. ఆరేళ్ళ క్రితం అదే గ్రూపులో కోసిన టూత్‌బ్రష్ ఫొటో మొదట పెట్టింది నేనే.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఈ లోకంలో బేస్ వెయిట్ అని ఒక లెక్క ఉంది. తిండి, నీళ్ళు, స్టౌలో పోసే ఇంధనం, ఒంటి మీది బట్టలు తీసేసి, వీపు మీద మిగిలిన మొత్తం బరువు. అది పది పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, దాటకపోతే మీరు అల్ట్రాలైట్. దాటితే మామూలు మనిషి. నా దగ్గర దీనికో స్ప్రెడ్‌షీట్ ఉండేది. సాక్సుకో వరస, సూదికో వరస. కోడ్ రివ్యూలో కూడా నేనంత శ్రద్ధ చూపించి ఎరగను. అలా తరిగీ తరిగీ 4.8 కిలోలకి తెచ్చాను. ఇంకో మూడొందల గ్రాములు తగ్గించలేకపోయానని బాధ. బ్యాగు ఒక్కటీ 640 గ్రాములు. ఫ్రేమ్ లేదు, నడుం బెల్టు పేరుకి ఒక రిబ్బను. డాలస్ నుంచి వస్తున్న ఫ్రెండ్ సూట్‌కేసులో, ఆవకాయ తీసుకెళ్ళడానికి వచ్చిన దారినే, తెప్పించుకున్నాను. అప్పటి మా ఇంటద్దె కంటే ఖరీదు.

దాంతో వెళ్ళింది ఉత్తరాఖండ్‌లో హర్ కీ దూన్‌కి. అక్టోబరు. హైదరాబాద్ నుంచి ఆరుగురం, ఒక ట్రెకింగ్ కంపెనీ వాళ్ళ ఏర్పాట్లు. తాలూకా అనే ఊరి నుంచి సుపిన్ నది పక్కన నడక. కంచరగాడిదలు పొద్దున్నే వెళ్ళిపోయాయి. వాటి మీద పట్టని సామాను కొంత ఒక మనిషి మోస్తున్నాడు. నేపాల్ నుంచి పనికొచ్చినవాడు, నా వయసే ఉంటుంది. నుదుటికి పట్టీ, వీపు మీద రెండు టెంట్ల మూటలు, వంట గిన్నెలు, పైన ఒక గ్యాస్ సిలిండర్, అన్నీ నైలాన్ తాడుతో కట్టి. వీపుకీ మూటకీ మధ్య మడత పెట్టిన గోనెసంచి. గంగాడ్ దాటాక ఒక రాయి దగ్గర ఇద్దరం ఆగాం. నేను సరదాకి అతని మూట ఎత్తబోయాను. లేవలేదు. అతను నా బ్యాగుని రెండు వేళ్ళతో లేపి, అటూ ఇటూ ఊపి, నవ్వి, హిందీలో అడిగాడు: "ఇందులో ఏమీ లేదు కదా సార్. మీ సామానెక్కడ?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

సాయంత్రానికి అర్థమైంది. నా సామాను అతని వీపు మీదుంది. నేను పడుకునే టెంటు, తినే టెంటు, మరుగుదొడ్డి టెంటు కూడా. బియ్యం, పప్పు, గుడ్లు, గ్యాస్. ఇంటికొచ్చాక కూర్చుని లెక్క కట్టాను. మేము ఐదు రోజులు వాడిన ఉమ్మడి సామానంతా ఆరుగురికీ పంచితే, నా అంచనా ప్రకారం, తలా పన్నెండు కిలోలకి తగ్గదు. నా స్ప్రెడ్‌షీట్‌లో దానికి వరస లేదు. సూదికి ఉంది.

ఈ అల్ట్రాలైట్ అనే మాట ఎక్కడ పుట్టిందో చూస్తే మనం చేస్తున్నదేంటో ఇంకా బాగా తెలుస్తుంది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ ముసలమ్మ, పదకొండు మంది పిల్లల్ని కన్న తల్లి, 67 ఏళ్ళ వయసులో అపలాచియన్ ట్రెయిల్ మొత్తం ఒంటరిగా నడిచింది. మూడున్నర వేల కిలోమీటర్లకి దగ్గర. తనే కుట్టుకున్న డెనిమ్ గుడ్డ మూట ఒక భుజం మీద, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. టెంటు లేదు. 1990ల్లో రే జార్డిన్ అనే ఏరోస్పేస్ ఇంజనీరు పుస్తకాలు రాసి, బ్యాగులు ఇంట్లోనే కుట్టుకోమని చెప్పి, ఈ పద్ధతికి ఒక సిద్ధాంతం తయారుచేశాడు. వీళ్ళిద్దరికీ వెనకాల ఎవరూ లేరు. వాళ్ళు వదిలేసిన ప్రతి వస్తువూ ప్రపంచంలో ఎవరూ మోయలేదు. అందుకే ఆ పది పౌండ్ల అంకెకి అక్కడ ఒక నిజాయితీ ఉంది. మనం ఆ అంకెని మాత్రం దిగుమతి చేసుకున్నాం. మన దగ్గర వదిలేసిన వస్తువు మాయం కాదు, ఇంకొకడి మూటలోకి వెళ్తుంది. మోసేవాడు మారితే బరువు తగ్గినట్టు లెక్క రాసుకోవడాన్ని నా ఉద్యోగంలో అయితే ఆప్టిమైజేషన్ అనరు, వేరే టీమ్ మీదకి తోసేయడం అంటారు.

సాహిత్యం చదివేవాళ్ళతో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక వ్యాకరణం సంగతి. మన బ్లాగుల్లో, పత్రికల్లో ఈ మధ్య వస్తున్న హిమాలయ ట్రెక్ కథనాలు వరసగా ఒక పది చదవండి. "మేము చేరేసరికి టెంట్లు వేసి ఉన్నాయి." "వేడివేడి సూప్ వచ్చింది." "సామాను ముందే చేరిపోయింది." కర్త ఎక్కడ? తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిపించడం తేలిక, అందంగా కూడా ఉంటుంది. ఆ సౌలభ్యాన్ని మనం ఇలా వాడుకుంటున్నాం. సూప్ దానంతటదే నడిచొచ్చి కప్పులో దూకినట్టు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళింది పల్లకీలో, పెద్ద పరివారంతో. ఆయన్ని మనం ఏ కొలతతోనూ అల్ట్రాలైట్ అనలేం. కానీ కాశీయాత్ర చరిత్ర చదివినవాడికి బోయీలు ఉన్నారన్న సంగతైతే తెలుస్తుంది. 1689లో బషో కాలినడకన జపాన్ ఉత్తరానికి బయల్దేరి, మొదట్లోనే తన బక్క భుజాల మీద మూట బరువు గురించి వాపోతాడు. స్నేహితులు ఇచ్చిన వీడ్కోలు కానుకలు పారేయడానికి మనసొప్పక మోశాడు. ఆయన మూట ఆయన భుజం మీదే ఉంది, పుస్తకంలోనూ ఉంది. రెండు వందల ఏళ్ళ కింద పల్లకీ ఎక్కినాయన దాచని విషయాన్ని, గోప్రో కెమెరా పట్టుకున్న మనం దాచేస్తున్నాం.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది. "బాసూ, అది వాళ్ళకి ఉపాధి. నువ్వు నీ టెంటు మోసుకుంటే వాళ్ళేం తినాలి?" నిజమే. సీజన్‌లో ఆ నాలుగు నెలల కూలీ మీద ఏడాది గడిపే ఇళ్ళున్నాయి. కూలీ పెట్టుకోవద్దని నేను అనడం లేదు. నేనూ మళ్ళీ పెట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పులున్న మా అక్కని తీసుకెళ్ళినప్పుడు ఆమె బ్యాగు కూడా కంచరగాడిద మీదే వెళ్ళింది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఉపాధి అంటే బరువెంతో, రేటెంతో, హద్దెంతో ఉండాలి. కిలిమంజారోలో కూలీ మోసే బరువుకి 20 కిలోల పరిమితి ఉంది, గేటు దగ్గర కాటా వేసి తూస్తారు. ఎవరెస్టు దారిలో నామ్చే సంతకి సరుకు మోసే నేపాలీల మీద 2005లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మగవాళ్ళు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం మోస్తున్నారు, ఆడవాళ్ళు 66 శాతం. మన గ్రూపులో ఒంటి బరువులో ఇరవై శాతం దాటకూడదని సలహాలిస్తుంటాం. అది వీపుల గురించిన సూత్రమా, మన వీపుల గురించిన సూత్రమా?

సరే, బ్యాగు సంగతికొద్దాం. కుర్రాడు అడిగింది అదే, నేను అతన్ని పాఠం చెప్పి వదిలేస్తే న్యాయం కాదు.

నా వాదన ఇది: నీ టెంటులో నీ వాటా, నీ తిండిలో నీ వాటా నువ్వు మోయగలిగే బ్యాగు కొను. అంటే నీళ్ళతో కలిపి పది పన్నెండు కిలోలు. ఆ బరువుకి 640 గ్రాముల గుడ్డసంచి పనికిరాదు. ఫ్రేమ్ లేని సంచి ఎనిమిది కిలోల దాకా ఎలాగో లాక్కొస్తుంది. ఆ తర్వాత కుంగిపోయి బరువంతా భుజాల మీద పడుతుంది. ఫ్రేమ్, గట్టి నడుం బెల్టు ఉంటే బరువులో చాలా భాగం తుంటి ఎముకల మీదకి, అక్కణ్ణించి కాళ్ళలోకి దిగుతుంది. 1200 నుంచి 1500 గ్రాముల మధ్య, 45 నుంచి 55 లీటర్లలో అలాంటివి దొరుకుతాయి. అదనంగా మోసే ఆ ఆరేడొందల గ్రాములు భుజాలకి కట్టే జీతం.

కొలతల దగ్గర ఒక పేచీ. నేను వెళ్ళిన ఒక పెద్ద షాపులో సేల్స్ కుర్రాడు "ఎన్ని లీటర్లు సార్" అని తప్ప ఇంకో ప్రశ్న అడగలేదు, నేనేదో నూనె డబ్బా కొంటున్నట్టు. చూడాల్సింది వీపు పొడవు. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి, తుంటి ఎముక పై అంచు ఎత్తు దాకా టేపు పెట్టి కొలవాలి. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు. అది కుదరకపోతే ఎంత ఖరీదైన బెల్టయినా పొట్ట మీద కూర్చుంటుంది. షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకోవడం వల్ల ఏమీ తెలియదు. పది కిలోలు వేయించుకుని మెట్లెక్కాలి.

ఇక గాలి. బ్యాగుకీ వీపుకీ మధ్య బిగించి కట్టిన వల, ఖాళీ జాగా. జర్మనీ వాళ్ళ డాయిటర్ కంపెనీ 1980ల నుంచీ చేస్తోంది, ఇప్పుడు ఆస్ప్రే, గ్రెగరీ అందరూ చేస్తున్నారు. ఆ మాటకొస్తే 1952లో డిక్ కెల్టీ గరాజులో చేసిన అల్యూమినియం ఫ్రేమ్ బ్యాగుకీ వీపు దగ్గర గాలి ఆడేది. ఇంకా వెనక్కెళ్తే, వెంటిలేషన్ విషయంలో కావడిని మించిన డిజైన్ లేనే లేదు. ఈ వలని అల్ట్రాలైట్ భక్తులు విలాసం అంటారు. వాళ్ళు చల్లటి ఊళ్ళవాళ్ళు రాసినవి చదివి మాట్లాడుతున్నారు. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 2400 కిలోజౌల్స్ వేడి బయటికి పోతుంది. అదే చెమట బ్యాగుకీ చొక్కాకీ మధ్య నలిగి కిందకి కారిపోతే పోయేది నీళ్ళూ ఉప్పూ మాత్రమే. అంటుకునే బ్యాగుతో హర్ కీ దూన్ ఎండలో తడిసిన నా చొక్కా, ఆగిన ఐదు నిమిషాలకే ఆ గాలికి ఐసులా అయింది. అక్కడ ఆ తడి చిన్న విషయం కాదు.

అలాగని వల అమ్మేవాళ్ళు చెప్పేదంతా నమ్మక్కర్లేదు. ఆ ఖాళీ జాగా బరువుని వీపు నుంచి కొన్ని సెంటీమీటర్లు వెనక్కి నెడుతుంది, నువ్వు ముందుకి వంగాల్సి వస్తుంది. వంపు తిరిగిన ఫ్రేమ్ లోపలి జాగా తింటుంది, సామాను సర్దడం చికాకు. మంచులో పెడితే ఆ వల నిండా మంచే. కొన్నేళ్ళ క్రితం జూన్‌లో కుక్కే సుబ్రహ్మణ్య నుంచి కుమారపర్వతం ఎక్కినప్పుడు వల ఉన్నా లేకున్నా ఒకటే అనిపించింది, చుట్టూ గాలే తడిగా ఉంటే చెమట ఎక్కడికి ఆవిరవుతుంది? పొడి గాలిలో, ఎండలో మాత్రం అది నిజంగా పనిచేస్తుంది. నల్లమల అంచున మార్చి నెలలో వేసుకుని చూడండి. అందుకే నేను చెప్పేది: వల ఉండనీ, కానీ లోతు మరీ ఎక్కువ లేనిది, బరువైన వస్తువులు వీపుకి ఆనించి సర్దుకోగలిగేది చూసుకో. వానకి పైన కవరు కంటే లోపల ఒక పెద్ద చెత్త సంచి నమ్మకం.

ఇంకొక్కటి. బ్యాగు అన్నిటికంటే చివర్న కొనాలి. సామానంతా ఒకచోట పోసి, తూచి, తర్వాత. ముందే 70 లీటర్లది కొంటే 70 లీటర్ల సామాను దానంతటదే పుడుతుంది. మా సర్వర్లలో డిస్క్ సంగతి కూడా అంతే.

నా స్ప్రెడ్‌షీట్ ఇప్పటికీ ఉంది. కింద ఒక వరస చేర్చాను: "వేరేవాళ్ళు మోసేది". పోయిన అక్టోబరు ట్రెక్‌కి అందులో ఆరు కిలోలుంది. మొదటి ట్రిప్పులో ఉండాల్సిన అంకెకి అది సగం. వీపు మీద నా సొంత బరువు పదకొండుకి చేరింది, అల్ట్రాలైట్ హోదా పోయింది, మూడో రోజు మోకాలు కొంచెం పట్టేసింది కూడా. 640 గ్రాముల బ్యాగులో ఇప్పుడు లాప్‌టాప్, లంచ్ బాక్సు పెట్టుకుని మెట్రోలో ఆఫీసుకి వెళ్తున్నాను. ఆ పనికి చాలా బాగుంది.

కుర్రాడికి మాత్రం విడిగా మెసేజ్ పెట్టాను: "టెంటు ఎవరు మోస్తున్నారో కనుక్కుని చెప్పు తమ్ముడూ, అప్పుడు బ్యాగు చూద్దాం." రెండు రోజుల తర్వాత జవాబిచ్చాడు. కంపెనీ వాళ్ళని అడిగాడట, "అదంతా మేం చూసుకుంటాం సార్" అన్నారట. ఎన్ని కిలోలని మళ్ళీ అడగమన్నాను. ఆదివారం మా ఇంట్లోంచి వంటింటి కాటా పట్టుకుని వాళ్ళ రూముకి వెళ్తున్నాను.