రక్షకత్వం స్వామిత్వం కాదు

రక్షణ ధర్మం, స్వామిత్వం అధికారం. ఈ రెంటి భేదాన్ని విస్మరించిన శాసనం, ఎంతటి సదుద్దేశంతో జనించినదైనా, రక్షింపబడవలసిన వ్యక్తికే శృంఖలగా పరిణమిస్తుంది. ఎంటీపీ చట్టంగా వ్యవహరింపబడే 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టంలోని 3వ సెక్షన్ ఇందుకు నిదర్శనం.

18 సంవత్సరాలు నిండని బాలికకు సంరక్షకుని లిఖితపూర్వక అంగీకారం లేనిదే గర్భవిచ్ఛిత్తి చేయరాదని ఆ సెక్షన్ శాసిస్తున్నది. తదనంతర వాక్యం గర్భవతి అంగీకారాన్ని విధిస్తూనే, పూర్వోక్త నియమాన్ని మినహాయిస్తున్నది. అనగా, అక్షరార్థం చూస్తే, దేహం ఎవరిదో ఆ బాలిక అంగీకారమే అనివార్యం కాదు.

పూర్వపక్షం ఇట్లున్నది: బాలిక అపరిణతబుద్ధి, మాతాపితరులకంటె హితైషులు లేరు, పైగా భ్రూణహత్యను ధర్మశాస్త్రాలు ఘోరపాతకంగా గణించాయి, కనుక పెద్దల అంకుశం ఆవశ్యకం.

మొదటి వాదానికి సమాధానం సులభం. వాత్సల్యం గల గృహంలో బాలిక తనంత తానే తల్లిని ఆశ్రయిస్తుంది. అక్కడ శాసనంతో పని లేదు. శాసనం పదును తగిలేది గృహం విఫలమైన చోటనే. బంధువే అపరాధి కావచ్చునని ఎరిగిన పార్లమెంటు 2012 నాటి పోక్సో చట్టంలో అట్టి నేరాన్ని తీవ్రతరమైనదిగా పరిగణించింది. కాని ఎంటీపీ చట్టం దృష్టిలో బాలిక పోషణ వహించువారెవరైనా సంరక్షకులే. రక్షకుడే భక్షకుడైన చోట అతని సంతకాన్నే కోరడం ఏ న్యాయం?

రెండవ వాదం మరింత విచిత్రం. పాతకం పాతకమే అయితే తండ్రి సంతకంతో అది ప్రక్షాళితమవుతుందా? ఆ సంతకం గర్భాన్ని రక్షించడానికి మాత్రమే ఉపయోగపడుతుందన్న నియమమూ లేదు. కులప్రతిష్ఠకు భయపడిన కుటుంబం, మాతృత్వాన్ని కోరుకునే బాలికను ఆ సంతకంతోనే గర్భస్రావానికి నిర్బంధించగలదు. భ్రూణరక్షణ పేరిట సంరక్షకాధికారాన్ని సమర్థించేవారు ఈ విరోధాన్ని పరిహరించవలసి ఉన్నది.

2024లో 14 ఏళ్ల బాలిక విషయంలో సుప్రీంకోర్టు ముందు గర్భవిచ్ఛిత్తికి అనుమతినిచ్చి, తల్లిదండ్రుల అభిప్రాయం మారిన పిమ్మట ఆ ఆదేశాన్ని ఉపసంహరించింది. సంరక్షకుని అభిప్రాయంతో బాలిక విభేదించినప్పుడు, ఆమె అభిప్రాయాన్ని న్యాయస్థానం ముఖ్యాంశంగా గ్రహించాలని ఆ తీర్పులోనే ప్రకటించింది. అది ఉదాత్తమైన వాక్యం. కాని సుప్రీంకోర్టు ద్వారం చేరగల బాలికలెందరు? వ్యాజ్యం నిలిచినా గర్భం నిలువదు. చట్టం విధించిన 20, 24 వారాల అవధులు ఎవరికోసమూ ఆగవు.

కఠోపనిషత్తులో తండ్రి కోపావేశంతో నచికేతుని మృత్యువుకు దానం చేశాడు. యముడు మాత్రం బాలుడని ఉపేక్షించక, వరాలు కోరుకొమ్మని నిర్ణయాన్ని అతనికే విడిచాడు. నచికేతుడు మొదట కోరినది తండ్రి మనశ్శాంతినే. బాలుని వివేకాన్ని గౌరవించడం పితృద్రోహం కాదనడానికి ఇంతకంటె ప్రమాణం ఏల?

కనుక సిద్ధాంతం ఇది: బాలిక అంగీకారం ప్రథమం, అనివార్యం కావాలి. సంరక్షకుడు నిందితుడైనా, ఆమె అభీష్టానికి ప్రతికూలుడైనా, జిల్లా బాలల సంక్షేమ సమితి కొద్ది దినాలలోనే నిర్ణయించే మార్గాన్ని చట్టం కల్పించాలి. పెద్దలు తోడుండాలి, ఆమె స్థానంలో నిలువరాదు. ఆత్మకు వయస్సు లేదని బోధించే సంప్రదాయం, ఆ ఆత్మ ధరించిన బాలదేహాన్ని పరుల సొత్తుగా అంగీకరించజాలదు.