ఊరు పట్నమైతే పురుగుకు చోటేది?

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో మన జహీరాబాద్ ఒకటి. ఊరు పెరిగితే మన పిల్లలకు పని దొరుకును, మంచిదే. అయితే మనతోపాటు బ్రతికే చిన్న ప్రాణుల సంగతేమి?

దోమ, ఈగ, బొద్దింక పట్నంలో ఇంకా పెరుగుతాయి. ముందుగా పోయేవి తరచు మేలుచేసేవే. తేనెటీగ జాతులలో ఎక్కువ భాగం తుట్టె కట్టవు. ఒంటరిగా నేలలో బొరియ చేసుకొని గుడ్లు పెడతాయి. వాకిలంతా సిమెంటు పోస్తే వాటి ఇల్లు మూసినట్లే. అవి రాకపోతే పెరటిలో గుమ్మడి పూయును గాని కాయదు. సీతాకోకచిలుకకు పూలు మాత్రమే చాలవు. దాని పిల్లలు తినుటకు కరివేపాకు, నిమ్మ, జిల్లేడు, తంగేడు వంటి ఆకులుండాలి.

చిన్న చోటనున్న పురుగులు ఒక్క కరువుకో, ఒక్కసారి మందు కొట్టినందుకో నశించవచ్చును. దగ్గరలో మరొక పచ్చని చోటుంటే అక్కడినుండి మరల వచ్చి చేరతాయి. పట్నాలలో అవి ఏండ్ల తరబడి నిలిచేది ఈ రాకపోకల వలననే. మనకు పస్తాపూర్ దగ్గరే ఉన్నది. అక్కడ 1983 నుండి పనిచేయుచున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వారు రసాయన మందులు లేకుండా జొన్న, కంది వంటి పంటలు కలిపి పండిస్తారు. ఆ చేలకును పట్నానికిని నడుమ మజిలీలు కావాలి.

కాబట్టి మందిరపు ఆవరణలో, సమాధుల స్థలంలో, ఇంటి వెనుక ఒక మూల మట్టిని మట్టిగానే విడువండి. అక్కడ మందు చల్లకండి, నీరు నిలువనీయకండి. ఉన్న వేపను, కానుగను నరకకండి. కట్టడాలు లేవకముందే ఆ చోటు విడువగలము. లేచిన తరువాత దొరకదు.