నన్నయ ఊళ్లో మా బీరువా ఏది?

నన్నయ మా ఊరివాడేనని తణుకు చెప్పుకుంటుంది. 2006లో గోదావరి జిల్లాలకు వచ్చిన విశ్వవిద్యాలయానికీ ఆయన పేరే పెట్టారు. కాదనం. ఆ తెలుగు మాది కూడా. కానీ ఆ మాట అన్నామో లేదో, 'మీ భాష ఉర్దూ కదా సాయిబూ!' అంటారు. ఎవరు నేర్పారు మీకీ మాట? పుస్తకాలు నేర్పాయి. అవే పుస్తకాలు చదివి పంతుళ్లయినవాళ్లు నేర్పారు.

దూదేకుల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. నమాజు అరబ్బీలో చదివినా, ఇంటికొచ్చి అమ్మను అన్నం అడిగేది తెలుగులోనే. ఆ పిల్లవాడికి పాఠం చెప్పబోయే పంతులుకు శిక్షణలో ఏం నేర్పుతున్నారు? 1986 జాతీయ విద్యా విధానం పుణ్యమా అని జిల్లాకో డైట్ వచ్చింది. పశ్చిమగోదావరికి దూబచర్లలో పెట్టారు. ముస్లిం పిల్లల సంగతేమిటంటే 'ఉర్దూ మీడియం ఉందిగా' అని చేతులు దులుపుకుంటారు. ఉర్దూ కావలసినవాళ్లకు ఉర్దూలో పుస్తకాలు, పంతుళ్లు ఇచ్చి తీరాలి. మరి తెలుగు బడిలో కూచున్న సాయిబుల పిల్ల మాటేమిటి? వాచకంలో ఒక రంజాను పాఠం, పక్కన టోపీ బొమ్మ వేస్తే సరిపోతుందా? మేం పండగనాడే బతుకుతామా?

సామగ్రి లేదంటారు. పిఠాపురం ఉమర్ ఆలీషా (1885-1945) ఉమర్ ఖయాంను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో స్కైబాబ సంపాదకత్వాన 'జల్‌జలా' వచ్చాయి. తెలుగు ముస్లిం రచయితల వివరాలు పోగేసి సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో 'అక్షర శిల్పులు' తెచ్చారు. విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పనిని ఒక మనిషి నెత్తిన వేసుకున్నాడు.

రాజ్యం తలుచుకుంటే పుస్తకం రాకపోదు. 1918లో ఉస్మానియా ఉర్దూ మీడియంలో మొదలవడానికి ముందే, 1917లో దారుల్ తర్జుమా పెట్టి పాఠ్యగ్రంథాలు అనువాదం చేయించబూనారు. తెలుగులో పైచదువుల పుస్తకాల కోసం 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన అకాడమీకి తెలుగు-సంస్కృత అకాడమీ అని పేరు మార్చింది. తెలుగుకు తోడు ఎవరు గుర్తొచ్చారో చూశారా?

పరిశోధన అంటే నన్నయ మీద ఇంకో సిద్ధాంత గ్రంథమేనా? పీర్ల పండగ పాటలు, దూది ఏకిన పనిముట్ల పేర్లు, సాయిబుల ఇళ్లలోని తెలుగు నుడికారం ఎవరు రాసిపెడతారు? అవి తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మా పిల్లలే రాసిపెడతారనుకుంటే, మైనారిటీ పరిశోధకులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేసినట్టు కేంద్రం 2022 డిసెంబరులో లోక్‌సభలోనే చెప్పింది. కలం లాక్కుని, మీరేం రాశారని అడిగితే ఎట్లా?

నన్నయ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయమే ఈ పని ఎత్తుకోవాలి. ఫెలోషిప్పులిచ్చి మా పిల్లల చేత ఆ మాటలూ పాటలూ సేకరింపజేయాలి. అందులోంచి వాచకాలు, పంతుళ్ల శిక్షణకు పాఠాలు తయారుచేయాలి. ముస్లిమేతర పిల్లలు పంతుళ్లయ్యేటప్పుడు అవి చదివి తీరాలి. 'మీ భాష ఉర్దూ కదా' అనే మాట అక్కడే ఆగాలి.

మా పన్నులతో కూడా నడిచే గ్రంథాలయాలవి. వాటిలో మా బీరువా ఏదో చూపించండి.