మందిరానికి ఎంత ఎత్తు గోడ కావాలి?



మా సంఘ విశ్వాసి ఒకరు ఉస్మానియా ఆసుపత్రిలో ఉంటే, ప్రార్థన చేసి రావడానికి ఈమధ్య హైదరాబాద్ వెళ్ళాము. తిరిగి బస్సెక్కే ముందు చాదర్‌ఘాట్ వైపు నడిచి, గేటు దగ్గర అనుమతి అడిగి, కోఠిలోని పాత రెసిడెన్సీని చూశాము. పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. కాని మా కళ్ళు గోడల మీదే నిలిచాయి. ఎందుకంటే మా సంఘంలో ఇప్పుడు గోడ మాటే నడుస్తోంది.

ఒకప్పుడు మూసీయే సరిహద్దు. అవతల గోడల మధ్య నిజాం నగరం, ఇవతల కంపెనీ దొర. కర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు 1803 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టినది మేడే గాని కోట కాదు. కంపెనీ పక్షాన పోరాడడానికి ఇష్టపడక వచ్చేసిన జమేదార్ చీదా ఖాన్‌ను ఇక్కడ బంధించారు. అతన్ని విడిపించాలని 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రోహిల్లాలతో వచ్చి పడ్డారు. ఎదుటి ఇళ్ళలో నుంచి తుపాకులు పేలాయి, లోపలి నుంచి ఫిరంగులు జవాబిచ్చాయి. తెల్లవారేసరికి దాడి ముగిసింది. 1859లో తుర్రెబాజ్ ఖాన్‌ను చంపారు, మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆ దాడి తరువాతే గోడలు బలపరచి బురుజులు లేపారు. అంటే ఆ కోటను కట్టించింది భయం.

ఆ గోడల వల్ల ఎవరి మనసైనా మారిందా? లోపల తెల్లవారి సమాధులున్నాయి, బయట కోఠిలో తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. చివరికి ఏ సైన్యమూ ఆ గోడ కూల్చలేదు. దొరలే వెళ్ళిపోయారు. 1949లో అది ఆడపిల్లల కళాశాల అయింది. నేడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. మేము చూసిన రోజు పుస్తకాలు పట్టుకుని పిల్లలు నవ్వుకుంటూ లోపలికి పోతున్నారు.

ఇక మన సంగతి. రెండు నెలల క్రితం రాత్రివేళ ఎవరో మందిరం మీద రాళ్ళు వేశారు. రెండు కిటికీలు పగిలాయి. ఎనిమిదడుగుల గోడ కట్టి, పైన గాజు పెంకులు నాటాలని కమిటీ పెద్దలు అంటున్నారు. వారి భయం అబద్ధం కాదు. ఆ రాత్రి మేమూ నిద్రపోలేదు. నెహెమ్యా గోడ కట్టలేదా అని ఒక పెద్దాయన అడిగారు. కట్టాడు. అయితే ఆ గ్రంథం మూడవ అధ్యాయం చదవండి, గోడతోపాటు ఎన్ని గుమ్మాలు బాగుచేశారో కనబడుతుంది. అయిదవ అధ్యాయం చదవండి, అప్పుల్లో మునిగిన పేదల మొర విని నెహెమ్యా ముందు వారికి న్యాయం చేశాడు.

మన మందిరం బోరు దగ్గర ఊళ్ళో అన్ని ఇళ్ళ ఆడవాళ్ళూ నీళ్ళు పట్టుకుంటారు. ఎనిమిదడుగుల గోడ లేస్తే ఆ బిందెలు ఎటు పోవాలి? రాయి వేసిన చేయి ఏదో మనకు తెలియదు. ఆ ఇంటి బిందె కూడా మన బోరు దగ్గరే నిండుతూ ఉండవచ్చు. శత్రువు దప్పిగొంటే దాహమిమ్మని నేర్చుకున్న మనమే ఆ నీటికి తాళం వేద్దామా?

మా మనవి ఇంతే. పశువులు రాకుండా నడుమెత్తు గోడ చాలు. కిటికీలకు ఇనుప జాలీ వేద్దాం. బోరు వైపు గేటు పెట్టి, తాళం వేయకుండా ఉంచుదాం. మిగిలిన డబ్బుతో బోరు దగ్గర నీళ్ళు నిలవకుండా గచ్చు చేయిద్దాం. మళ్ళీ రాళ్ళు పడవని మేము మాట ఇవ్వలేము. యెహోవా కావలి కాయని పట్టణానికి కావలివాడు మెలకువగా ఉన్నా వ్యర్థమేనని 127వ కీర్తన నేర్పుతుంది గదా.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కమిటీ కూర్చుంటుంది. అందరూ ప్రార్థన చేసుకుని రండి. ప్రభువు మనకు భయం కాదు, జ్ఞానం ఇచ్చును గాక. ఆమేన్.